పది నంబరు చొక్కా, తాత పేరు

ఏప్రిల్ ఆఖరు వారంలో నల్లగొండ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. పదమూడేళ్లవాడు. మామూలుగా వాడు ఫోన్ చేసేది రెండింటికే: డేటా అయిపోయినప్పుడు, వాళ్లమ్మ తిట్టినప్పుడు. ఆ రోజు గొంతు వేరేగా ఉంది.

“మామా, నాకు పది ఇస్తలేరు.”

ఏం పదిరా అంటే అప్పుడు చెప్పాడు. పొద్దున పూట గ్రౌండుకు పోయి ఫుట్‌బాల్ నేర్చుకునే పిల్లలంతా జెర్సీలు వేయించుకుంటున్నారు. వాట్సాప్ గ్రూపులో పేరు, నంబరు, సైజు పెట్టమన్నారు. మొత్తం పదహారు మంది. అందులో అయిదుగురు 10 పెట్టారు, నలుగురు 7 పెట్టారు, ఒకడు క్రికెట్ మీద మమకారం చంపుకోలేక 18 పెట్టాడు. 2, 3, 4, 5 మాత్రం ఎవరికీ అక్కర్లేదు. అంటే ఆ టీంలో డిఫెన్స్ అనేదే లేదన్నమాట.

“యమాల్‌కు పద్దెనిమిదేళ్లకే ఇచ్చిండ్రు కదా మామా” అన్నాడు, తనకు పద్దెనిమిది రావడానికి ఇంకా అయిదేళ్లుందని మర్చిపోయి.

ఆదివారం వస్తా, మాట్లాడుదాం అని పెట్టేశాను. ఫోన్ పెట్టేశాక కూడా ఆ పది నన్ను వదల్లేదు. ఒకప్పుడు నేనూ ఆ నంబరు వేసుకున్నవాణ్నే. నాలుగు నెలలు. ఆ పదిలో ‘ఒకటి’ ఎవరిదో గానీ ‘సున్నా’ మాత్రం నాదే. ఆ నాలుగు నెలల్లో నేను కొట్టిన గోల్స్ లెక్క అది.

వాడన్నది నిజమే. 2025 జులై 13న స్పెయిన్ ఫుట్‌బాల్ కుర్రాడు లమీన్ యమాల్‌కు పద్దెనిమిది నిండాయి. మూడు రోజులకే బార్సిలోనా క్లబ్బు అతని చేతిలో 10 పెట్టింది. మెస్సీ వేసుకున్న 10, అంతకుముందు రొనాల్డీన్యో వేసుకున్న 10, ఇంకా వెనక్కి పోతే మారడోనా వేసుకున్న 10. ఫుట్‌బాల్ చూసే నలుగురు ఎక్కడ కలిసినా అప్పట్లో ఒకటే చర్చ. పిల్లాడికి అంత తొందరగా ఇవ్వొచ్చా, నెత్తిన బండ పెట్టినట్టు కాదా అని. నా మట్టుకు నాకు ఆ చర్చే పక్కదారి పట్టిందనిపిస్తుంది. ఏ వయసులో ఇచ్చారన్నది పెద్ద సంగతి కాదు. ఇచ్చాక వాణ్ని ఏమని పిలుస్తున్నారు? వాడు వద్దనుకుంటే మారుమాట్లాడకుండా తిరిగి తీసుకుంటారా? ఈ రెండోదాని గురించి ఎవరూ నోరెత్తరు. ఈ వ్యాసం రాస్తున్నది దానికోసమే.

ముందు అన్సు ఫాటి గురించి రెండు మాటలు చెప్పాలి. మెస్సీకీ యమాల్‌కూ మధ్య ఆ 10 వేసుకున్నవాడు. గినీ బిస్సావులో పుట్టి స్పెయిన్‌లో పెరిగాడు, పదహారేళ్లకే బార్సిలోనా పెద్ద టీంలో ఆడాడు. 2021 ఆగస్టులో మెస్సీ కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాక సెప్టెంబరులో ఇతనికి 10 ఇచ్చారు. అప్పటికి ఇతనికీ పద్దెనిమిదే. అదే నెలలో లెవాంటేతో మ్యాచ్‌లో చివర్లో దిగి, ఇంజురీ టైంలో గోల్ కొట్టాడు. ఇంకేముంది, వారసుడు దొరికాడన్నారు. ఆ తర్వాత గాయం మీద గాయం. 2023లో బ్రైటన్ క్లబ్బుకు అరువు పంపారు, 2025లో మొనాకో క్లబ్బుకు. జనం తీర్పు చెప్పేశారు: మెస్సీ చొక్కా మోయలేకపోయాడు, 10 వాణ్ని మింగేసింది.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. అన్సు ఫాటి మోకాలు దెబ్బతిన్నది 2020 నవంబరులో, రియల్ బెటిస్‌తో ఆడుతున్నప్పుడు. 10 చేతికొచ్చింది 2021 సెప్టెంబరులో. పది నెలల ముందు పోయిన మోకాలికి పది నెలల తర్వాత వచ్చిన నంబరు ఎట్లా కారణమైతదో నాకైతే అర్థం కాదు. మా ఊళ్లో కొత్త కోడలు కాలు పెట్టిన తెల్లారి బర్రె చస్తే కోడలి పాదం మంచిది కాదనేవాళ్లు. ఇక్కడ అంతకంటే అన్యాయం, బర్రె కోడలు రాకముందే చచ్చింది.

పోనీ ఆ 10ని బీరువాలో పెట్టి తాళమేద్దామా అంటే స్పెయిన్ లీగులో అదీ కుదరదు. పెద్ద టీంలో నమోదైన ఆటగాళ్లు 1 నుంచి 25 లోపలే వేసుకోవాలి. ఎవడో ఒకడు మోయక తప్పదు.

అసలు ఈ నంబర్లు మొదట మనుషులవి కావు. ఇంగ్లండ్ లీగులో 1928 ఆగస్టు 25న ఆర్సెనల్, చెల్సీ తమ మ్యాచ్‌లలో మొదటిసారి వీపుల మీద అంకెలతో దిగాయి. 1939లో అక్కడ అందరికీ తప్పనిసరి చేశారు. అప్పుడు నంబరు నిలబడే చోటుకు గుర్తు, అంతే. మా పీఈటీ సార్ ఆ కాలం మనిషి. “రైట్ ఔట్ ఎవర్రా?” అనేవాడు, ఎవడు చెయ్యెత్తితే 7 వాడి మీదికి విసిరేవాడు. వచ్చే వారం వాడు రాకపోతే అది ఇంకొకడిది. ఆర్టీసీ బస్సులో సీటు లాంటిది. కిటికీలోంచి దస్తీ వేసి ఆపుకున్నా సరే, నీ స్టేజీ వచ్చేదాకానే నీది. 1993లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ సీజనంతా ఒకే నంబరు, దాని మీద పేరు అని మొదలుపెట్టాక ఆ బస్సు సీటు కాస్తా పట్టా భూమి అయింది. పట్టా అయిందంటే ఇక వారసులు, ఫౌతీ (పోయినవాళ్ల భూమిని వారసుల పేరు మీదికి మార్చడం), పంచాయితీ అన్నీ వెనకే వస్తాయి.

వారసత్వం అంటే నాకు చొక్కా కంటే ముందు వచ్చింది పేరు.

నాకు మా తాత పేరు పెట్టారు, నాన్నవాళ్ల నాన్న పేరు. మన దగ్గర ఇది మామూలే, ఏ ఇంట్లో చూసినా ఇద్దరు ముగ్గురుంటారు. తాత మామూలు మనిషి కాదు. చుట్టుపక్కల నాలుగూళ్లలో పంచాయితీ తెంపాలంటే ఆయనకు కబురొచ్చేది. అన్నదమ్ముల భూమి తగాదాలో ఆయన మధ్యలో గీత గీస్తే కోర్టుకు పోయినవాళ్లు లేరని చెప్పుకునేవాళ్లు. అట్లాంటి మనిషి పేరు ఇరవై ఒకటో రోజున నా చెవిలో ఊదారు.

కానీ ఆ పేరుతో మా ఇంట్లో నన్ను ఎవరూ పిలవలేదు. నానమ్మ భర్త పేరు నోట పలకదు. అమ్మ మామ పేరు పలకదు. యాదగిరిగుట్ట దేవుడి పేరే తాతది, అందుకని నానమ్మకు దేవుడి పేరు కూడా నోట రాదు. “గుట్ట మీది సామీ” అని దండం పెట్టుకునేది. రేషన్ కార్డు రాసేవాళ్లు వచ్చి ఇంటి యజమాని పేరడిగితే నన్ను ముందుకు నెట్టి “వీని పేరే” అనేది. అందుకని ఇంట్లో నేను బుడ్డోణ్ని. బడిలో మొదటి రోజు సార్ హాజరు తీస్తూ ఆ పేరు పిలిస్తే నేను పలకలేదు. తాతను ఎందుకు పిలుస్తున్నాడా అని తలుపు వైపు చూశాను.

ఇప్పుడు తల్చుకుంటే అంతకంటే తెలివైన ఏర్పాటు ఇంకోటి ఉండదనిపిస్తుంది. పేరు నాది అయింది, కాగితం మీద, దేవుడి ముందు. దాని బరువు మాత్రం పదేళ్లదాకా నా మీద పడలేదు. నేను పక్కింటి జామకాయలు దొంగతనం చేసింది బుడ్డోడిగానే, లెక్కల్లో తప్పింది బుడ్డోడిగానే. ఒక్క ముసలాయన మాత్రం కనబడినప్పుడల్లా “పేరు తాతది, బుద్ధి ఎవనిదిరా” అనేవాడు. ఆ ఒక్క మనిషి ఉన్నాడని మేము ఆ వీధిలోంచి కాకుండా చుట్టు తిరిగి బడికి పోయేవాళ్లం. రోజూ పది మంది అట్లా అని ఉంటే నేనేమయ్యేవాణ్నో.

మెస్సీ బార్సిలోనాలో ముందు 30 వేసుకున్నాడు, తర్వాత 19. రొనాల్డీన్యో మిలాన్‌కు పోయాకే, 2008లో, 10కి వచ్చాడు. యమాల్ 41, 27, 19 అన్నీ తిరిగాడు. అవి వాళ్ల ముద్దుపేర్లు. ఆ నంబర్లలో ఆడినప్పుడు తప్పు చేసినా అది వాళ్ల తప్పే, ఎవరి పరువూ తీసినట్టు కాదు. ఈ విషయంలో బార్సిలోనా మా నానమ్మ పద్ధతే పాటించిందని నేనంటాను. 10 ఇచ్చే రోజు చేసిన హంగామా సంగతి వేరు. అది చొక్కాలు అమ్ముకునే వ్యాపారం, వాళ్ల బాధ వాళ్లది.

ఇక నా చొక్కా.

2002. ఇంటర్ సెకండియర్. ఆ జూన్‌లో వరల్డ్ కప్ జపాన్, కొరియాల్లో జరిగింది కాబట్టి మ్యాచ్‌లన్నీ మనకు పట్టపగలే వచ్చాయి. మా కాలనీ టీం మొత్తం ఒకే ఇంట్లో, ఒకే ఫ్యాను కింద. మారడోనా మీద గౌరవంతో 10ని పక్కన పెడతామని అర్జెంటీనావాళ్లు అడిగితే ఫిఫా ఒప్పుకోలేదు, 1 నుంచి 23 దాకా ఉండాల్సిందే అంది. దాంతో 10 ఏరియల్ ఒర్తెగా వీపెక్కింది. స్వీడన్‌తో ఆఖరి మ్యాచ్. గెలవకపోతే ఇంటికే. ఒర్తెగా పెనాల్టీ కొట్టాడు, గోల్‌కీపర్ ఆపాడు, తిరిగొచ్చిన బంతిని క్రెస్పో లోపలికి నెట్టాడు. ఒకటి ఒకటి. అర్జెంటీనా ఇంటికి పోయింది. మేమంతా ఒర్తెగాను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. “పది ఏసుకునే మొఖమేనా” అన్నది నేనే. బాగా గుర్తుంది.

ఆగస్టులో మా సీనియర్ అన్నకు కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది. మా టీం 10 ఆయనే. ఎన్జీ కాలేజీ గ్రౌండులో ఆయన ఆడుతుంటే వాకింగ్‌కు వచ్చిన పెద్దమనుషులు కూడా నిలబడి చూసేవాళ్లు. ట్రైనింగుకు పోయే ముందు రోజు క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతూ పేపర్లో చుట్టిన చొక్కా నా చేతిలో పెట్టాడు. “నువ్వే ఏసుకో” అన్నాడు. నేను వద్దనలేదు. అట్లాంటిది వద్దనొచ్చని అప్పటికి నాకు తెలియదు.

ముదురు ఎరుపు పాలిస్టర్ చొక్కా. తెల్లగుడ్డ కత్తిరించి ఎవరో టైలర్ అంకెలు కుట్టాడు. ‘ఒకటి’ నిటారుగానే ఉండేది గానీ ‘సున్నా’ కోడిగుడ్డు పక్కకు ఒరిగినట్టుండేది. దాని కింద కుడివైపు కుట్లూడితే అన్న నల్లదారంతో తనే కుట్టుకున్నాడు, ముతకగా, పెద్ద పెద్ద కుట్లు. నొప్పుల బామ్ వాసన ఎన్ని ఉతుకులకూ పోలేదు. భుజాలు నాకు రెండేళ్లు పెద్దవి. పరిగెత్తితే గాలి దూరి వీపు మీద ఆ సున్నా ఉబ్బేది.

తెల్లారి నుంచి గ్రౌండులో నా పేరు పోయింది. “ఏయ్ పదీ, ఇటియ్యి”, “పది ఏడ చచ్చిండు”, “పది ఎట్ల ఏస్తడు పాసు, గిట్లనా?” చెడ్డగా అన్నది ఒక్కరూ లేరు, అందరూ నన్ను ముందుకు తోద్దామనే అనేవాళ్లు. అయినా బంతి కాలికి రాగానే నాకు ఒక్కటే ఆలోచన: అన్నైతే ఇప్పుడేం చేసేవాడు? ఆ ఆలోచన పూర్తయ్యేలోపు బంతి పోయేది.

నవంబరులో మహబూబ్‌నగర్‌లో మ్యాచ్. తెల్లారకముందే బస్సెక్కి, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పోయాం. రెండో సగంలో వాళ్ల గోల్‌కీపర్ ముందుకొచ్చి జారి పడ్డాడు. బంతి నా దగ్గర, ఎదురుగా ఖాళీ గోల్. నెమ్మదిగా తోస్తే చాలు. నేను అన్నలాగా మడమతో మలిపి కొడదామని చూశాను. బంతి కాలి కింద నుంచి వెనక్కి పోయింది. పాలమూరు పిల్లలు నవ్విన నవ్వు కంటే వచ్చేటప్పుడు బస్సులో మావాళ్ల మౌనం ఎక్కువ. కల్వకుర్తి దాటాక వెనక సీట్లోంచి ఒక్క మాట వినబడింది. “అన్న ఉంటేనా...”

నేను కెప్టెన్ దగ్గరికి పోయి అడిగాను, ఇది ఇంకెవరికన్నా ఇయ్యి, నాకు 14 ఇయ్యి అని. “అన్న ఇచ్చిండురా. వాపస్ ఇస్తే ఇజ్జత్ పోతది” అన్నాడు. ఎవరి ఇజ్జత్తో చెప్పలేదు. తర్వాతి ఆదివారం నేను బాగున్న చీలమండకు క్రేపు బ్యాండేజీ చుట్టుకుని పోయాను, కాలు మడత పడిందని చెప్పాను. ఆ బ్యాండేజీ అట్లా నెల ఉంది. తర్వాత నేను గ్రౌండుకే పోలేదు. ఆట మీద ఇష్టం పోయి కాదు, ఒక చొక్కా తిరిగి ఇచ్చే దారి లేక ఆట వదిలేశాను. ఇరవై ఏళ్లు దాటినా ఆ మాట రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

అందుకే అంతోనియో వాలెన్సియా అంటే నాకు ఎనలేని గౌరవం. మాంచెస్టర్ యునైటెడ్‌లో 7 అంటే ఏమిటో ఫుట్‌బాల్ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. జార్జ్ బెస్ట్, బ్రయాన్ రాబ్సన్, కాంటోనా, బెక్‌హామ్, రొనాల్డో. రొనాల్డో 2003లో పద్దెనిమిదేళ్లకు వచ్చినప్పుడు అడిగింది 28, పోర్చుగల్ క్లబ్బు స్పోర్టింగ్‌లో తను వేసుకున్నది. మేనేజర్ ఫెర్గూసన్ 7 ఇచ్చాడు. అతనికి నప్పింది. 2009లో అతను మాడ్రిడ్ పోయాక ముందు మైకెల్ ఓవెన్ వేసుకున్నాడు, 2012లో వాలెన్సియాకు వచ్చింది. ఈక్వడార్ నుంచి వచ్చిన వింగర్. అంతకుముందు సీజన్‌లో 25 నంబరుతో ఆడి క్లబ్బు ఉత్తమ ఆటగాడిగా నిలిచినవాడు. 7 వేసుకున్న ఏడాది ఆట దిగజారింది. ఏడాది తిరక్కుండానే “నా 25 నాకివ్వండి” అని వెనక్కి తీసుకున్నాడు. అంత పెద్ద క్లబ్బులో, అంతమంది చూస్తుండగా.

ఆ తర్వాత ఏమైందో చూడండి. వాలెన్సియా 2019 దాకా అక్కడే ఉన్నాడు, వింగ్ నుంచి రైట్ బ్యాక్‌కు మారాడు, కెప్టెన్ కూడా అయ్యాడు. ఈలోపు 7 డి మరియా మీదికి ఎక్కింది, ఒక్క ఏడాది. మెంఫిస్ డిపే, అలెక్సిస్ శాంచెజ్, కవాని, మళ్లీ రొనాల్డో, 2023 నుంచి మేసన్ మౌంట్. వీళ్లలో చాలామంది చొక్కా ఒంటి మీద ఉండగానే క్లబ్బు వదిలి పోయారు. చొక్కా వదిలేసినవాడు మాత్రం క్లబ్బులో నిలిచాడు. ఇది చూసి నంబరుకు శాపముందని అనేవాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ ఏళ్లలో ఆ క్లబ్బు ఎన్నిసార్లు మేనేజర్లను మార్చిందో లెక్కపెట్టుకుంటే వాళ్లకే తెలుస్తుంది.

ఇచ్చేయడంలోనూ తమాషా మనుషులుంటారు. ఇంటర్ మిలాన్‌లో 1998లో రాబెర్టో బాజ్జో వచ్చి 10 తీసుకుంటే, బ్రెజిల్ రొనాల్డో 10 నుంచి 9కి జరిగాడు. అప్పటిదాకా 9 వేసుకుంటున్న చిలీ ఆటగాడు సమొరానో 18 తీసుకుని, ఆ ఒకటికీ ఎనిమిదికీ మధ్యలో చిన్న ప్లస్ గుర్తు పెట్టించుకున్నాడు. కూడితే తొమ్మిదే. మా అక్క కొడుక్కి ఇది చెబితే నవ్వి నవ్వి పొలమారింది. ఆ నవ్వు ఆగాక, “మరి పదికి ఎంత ప్లస్ ఎంత వెయ్యాలె మామా” అని కాగితం తీశాడు.

చొక్కాలు అసలు ఎవరికీ ఇవ్వకుండా దాచేయాలనేవాళ్లు మరో రకం. మన దేశంలో వీళ్ల బలం ఎక్కువ. 2017 ఆగస్టులో శార్దూల్ ఠాకూర్ కొలంబోలో తన మొదటి వన్డేకు 10తో దిగాడు. పుట్టినతేదీ అంకెలు కూడితే 10 వస్తుందని పాపం తన లెక్క తను చెప్పుకున్నాడు. సచిన్ చొక్కా నువ్వేసుకుంటావా అని జనం ఎగబడ్డారు. చివరికి 54కి మారాడు. ఆ 10 మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు, 2023లో ధోనీ 7ను కూడా పక్కన పెట్టేశారు. గౌరవం అంటున్నారు. ఒక కుర్ర బౌలర్‌ను ఏడిపించి నిలబెట్టిన గౌరవం అది.

నేపుల్స్‌వాళ్ల కథ వింటే దాచడం ఎంతసేపో తెలుస్తుంది. మారడోనా 1984 నుంచి 1991 దాకా ఆడిన నాపోలి క్లబ్బు 2000లో ఆ 10 ఇక ఎవరికీ లేదంది. 2004లో క్లబ్బు దివాలా తీసి మూడో డివిజన్లో పడింది. అక్కడ రూలు ప్రకారం మ్యాచ్ మొదలుపెట్టే పదకొండు మంది 1 నుంచి 11 వేసుకోవాలి. ఇల్లు గడవనప్పుడు పెట్టె అడుగునున్న పెళ్లి పట్టుచీర కట్టుకుని కూలికి పోయినట్టు, ఆ 10ని బయటికి తీసి బురద గ్రౌండ్లలో వేసుకున్నారు. 2006లో చివరిగా వేసుకున్నవాడు రాబెర్టో సోసా, ఆయనా అర్జెంటీనావాడే. ఆకాశం విరిగి పడలేదు. ఆ ఏడాదే టీం పై డివిజన్‌కు ఎక్కింది. ఎక్కగానే మళ్లీ తాళం వేశారనుకోండి.

మన హైదరాబాద్ ఫుట్‌బాల్‌ను తల్చుకుంటే మాత్రం చొక్కా బరువైందని ఏడవడానికి కూడా పెట్టి పుట్టాలనిపిస్తుంది. సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. దాని వెనకున్న రహీం సాబ్ కోచ్‌గానే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఏషియాడ్‌లో బంగారం తెచ్చింది. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ మనిషి. 1963లో రహీం సాబ్ పోయారు. ఆ ఆస్తి ఎవరి పేరు మీద ఫౌతీ అయింది? 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్బు వచ్చింది, 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు కూడా గెలిచింది, 2025లో మూట కట్టుకుని ఢిల్లీకి పోయి పేరు కూడా మార్చుకుంది. దేశం మొత్తం మీద చూసినా అంతే. భారత జట్టు స్ట్రైకర్ సునీల్ ఛెత్రి 2024 జూన్‌లో వీడ్కోలు చెప్పి, 2025 మార్చిలో నలభయ్యో పడిలో మళ్లీ 11 వేసుకుని దిగాల్సి వచ్చింది. దిగి గోల్ కూడా కొట్టాడు. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు నాకు.

నా చొక్కా ఏమైందో చెప్పలేదు కదూ. ఇంట్లో దండెం మీద ఓ ఏడాది వేలాడింది. తర్వాత అమ్మ దాన్ని కత్తిరించి మసిగుడ్డలు చేసింది. పాలిస్టర్ పనికిరాదని తిట్టుకుంటూనే చాలా ఏళ్లు వాడింది. ఒకసారి దసరాకు మా సీనియర్ అన్న సెలవు మీద వచ్చి ఇంటికొచ్చాడు. అమ్మ చాయ్ గిన్నె పట్టుకొచ్చింది. గిన్నె అంచున పట్టుకున్న ఎర్రగుడ్డ మీద ఒరిగిన కోడిగుడ్డులాంటి సున్నా, దాని కింద నల్లదారం కుట్లు. నేను చచ్చిపోయాననుకున్నాను. అన్న దానివైపు చూశాడు, నావైపు చూశాడు, చాయ్ ఒలికేదాకా నవ్వాడు.

అప్పుడే అడిగాను, అసలు నీకు 10 ఎవరిచ్చారన్నా అని.

“ఎవరిస్తరురా. చొక్కాలు కుప్పబోసి ఉండె. నేను లేటుగ పోయిన. గదొక్కటే నాకు సైజు పట్టింది.”

నాకు అప్పుడు పెలే గుర్తొచ్చాడు. 1958 వరల్డ్ కప్‌కు బ్రెజిల్‌వాళ్లు నంబర్లు వేయకుండానే జాబితా పంపారని, తోచినట్టు వేస్తే పదిహేడేళ్ల పెలేకు 10 పడిందని చెప్తారు. గోల్‌కీపర్ గిల్మార్‌కు 3 పడింది. ఆ చొక్కాలో పిల్లాడు ఆడిన ఆటకే 10కి విలువొచ్చింది. మా అన్న పెలే కాదు గానీ, జరిగింది మాత్రం అదే.

ఆదివారం అక్క కొడుకును బండెక్కించుకుని పానగల్లు తీసుకుపోయాను. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పొద్దంతా కదలని నీడ ఒకటి పడుతుందని నల్లగొండలో అందరికీ తెలుసు. స్తంభం నీడలాగే ఉంటుంది. వాడు అరగంట మండపంలో అటూ ఇటూ నడిచాడు, ఒక్కో స్తంభం పక్కన చెయ్యి పెట్టి చూశాడు. “ఏ స్తంభంది మామా?” అన్నాడు. ఇదీ అని వేలు పెట్టి చూపించలేం, స్తంభాల మధ్యగా వచ్చే వెలుతురు చేసే పని అని ఫిజిక్స్ చెప్పేవాళ్లు అంటారు. ఆ మాటే చెప్పాను. వాడికి నచ్చలేదు. స్తంభం ఉండాల్సిందే అన్నాడు.

నంబరు సంగతికి వస్తే, నేను వాడికి చెప్పింది ఒక్కటే. పది కావాలంటే అడుగు, వస్తే వేసుకో, బాగనిపించకపోతే ఇచ్చేసి ఇంకోటి తీసుకో, ఎవడన్నా ఇజ్జత్ అంటే నాకు ఫోన్ చెయ్యి. సాయంత్రం పిల్లలంతా చీటీలు వేసుకున్నారు. వాడికి 10 వచ్చింది. 7 వచ్చినవాడికి ఎందుకో 5 మీద మనసు పోయి మార్చుకున్నాడు, ఆ టీంకు ఒక డిఫెండర్ దొరికాడు.

వారం తర్వాత ప్రకాశం బజారులో ప్రింటు షాపు నుంచి జెర్సీ తెచ్చుకున్నాం. నీలం, నడుం దగ్గర పసుపు చారలు. వెనకాల పెద్ద 10, దాని పైన వాడి పేరు. వాడి పేరంటే మా నాన్న పేరే. నాన్న పోయిన మరుసటేడు పుట్టాడు వాడు. మా అమ్మ వాణ్ని ఈ పదమూడేళ్లలో చిన్నోడా అనడమే తప్ప ఆ పేరుతో పిలిచింది లేదు.

అమ్మ వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. వాడు పోయి వీపు తిప్పి నిలబడ్డాడు. “అమ్మమ్మా, చదువు ఏం రాసిండ్రో.”

అమ్మ కళ్లజోడు పైకి జరుపుకుంది. చెయ్యి కొంగుకు తుడుచుకుని అక్షరాల మీద వేలు పెట్టి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా మెల్లగా జరిపింది. పెదాలు కదల్లేదు. తర్వాత వేలు కిందికి దించింది.

“పది” అని చదివింది. “మంచిగ పడ్డదిరా చిన్నోడా. సైజు జర పెద్దగైంది.”